టీచరు గారి 37 ఓట్లు

కిందటి సంచికలో లాకర్లు, డిపాజిట్ల నామినేషను గురించి రాసినదానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. 2025 నవంబరు నుంచి ఒకరు కాకపోతే ఒకరుగా నలుగురి దాకా నామినీలను వరసగా పెట్టుకోవచ్చునన్న సంగతి చాలామందికి కొత్తగా ఉన్నట్టుంది. ఈసారి వాటికి జవాబులు రాద్దామనే కూర్చున్నాను. కాని కొంతకాలంగా మనసులో ముల్లులా గుచ్చుకుంటున్న విషయం ఒకటి ఉంది. అది చెబితే గాని కలం సాగేటట్టు లేదు. విషయం ఓట్ల గురించి. రాజకీయమని పేజీ తిప్పెయ్యకండి. నేను ఏ పార్టీనీ మెచ్చుకోబోవడం లేదు, తిట్టబోవడం లేదు. బ్యాంకు ఉద్యోగికి ఆ స్వేచ్ఛా లేదు, నాకు ఆ సరదా కూడా లేదు.

మహారాష్ట్రలో నేను ఉద్యోగరీత్యా ఉంటున్న ఈ ఊళ్ళో తెలుగువాళ్ళ సంఘం ఒకటి ఉంది. తాతల నాడు మగ్గాల పనికీ, కాంట్రాక్టు పనులకీ వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబాలు చాలావరకు ఇందులో సభ్యులు. సంఘానికి ఒక హాలు, హాలు వెనక ఒక గది, గదిలో రెండు బీరువాల పుస్తకాలు. సంఘంలో రెండు వర్గాలు: పాత కమిటీ, కొత్త కమిటీ. కొత్త కమిటీకి ఆ పేరు వచ్చి పదిహేనేళ్ళు దాటింది, అయినా అది కొత్తదే. ఎన్నికలొస్తే ఈసారి వీళ్ళు, వచ్చేసారి వాళ్ళు. ఉగాది పచ్చడి, కార్తీక వనభోజనాలు ఎవరున్నా జరుగుతాయి.

కిందటి ఎన్నికల్లో అధ్యక్ష పదవికి మూడో మనిషి నిలబడ్డారు. మునిసిపల్ తెలుగు బడిలో ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన టీచరు గారు. ఆవిడ అడిగిందల్లా ఒక్కటే. కరోనా రోజుల్లో 2020లో ఆగిపోయిన ఆదివారం తెలుగు తరగతి వెనక గదిలో మళ్ళీ మొదలుపెట్టాలి. ప్యానెలు లేదు, కరపత్రం లేదు. గొడుగు పట్టుకుని ఇంటింటికీ వచ్చి, మంచినీళ్ళు తాగి, ఆ ఒక్క ముక్కా చెప్పి వెళ్ళారు.

నాకు ఆ తరగతి కావాలి. ఎందుకో దాచుకోవడం దేనికి? మా చిన్నవాడికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. ఈ పత్రికలో నేను రాసే ఈ కాలమ్ వాడు చదవలేడు. మా ఆవిడ చదివి వినిపిస్తే వింటాడు. మధ్యలో ఫోను మోగితే అదీ లేదు.

అయితే ఎన్నికల ముందు ఒక వదంతి పుట్టింది. పాత కమిటీ గెలిస్తే హాలును తొమ్మిదేళ్ళ లీజుకి ఒక పెళ్ళిళ్ళ కాంట్రాక్టరుకు ఇచ్చేస్తారట. కొత్త కమిటీ వాళ్ళు అలా చెయ్యబోమని మాట ఇచ్చారు. అక్కడి నుంచి ఊళ్ళో అందరి నోటా ఒకటే మాట: "టీచరు గారు మంచివారే, కాని ఆవిడకి వేస్తే ఓటు మురిగిపోతుంది." ఈ మాట నాతో ఎంతమంది అన్నారో లెక్క లేదు. నేను ఎంతమందితో అన్నానో అదీ లెక్క లేదు. మా ఆవిడతోనూ అన్నాను. "మీ లెక్కలు మీవి, నా ఓటు నాది" అని ఆవిడ టీచరు గారికే వేసింది. నేను కొత్త కమిటీకి వేశాను.

ఓట్లు లెక్కపెట్టే పని నాకు అప్పగించారు. నోట్లు లెక్కపెట్టేవాడు ఓట్లు లెక్కపెట్టలేడా అని. కొత్త కమిటీకి 91, పాత కమిటీకి 84, టీచరు గారికి 37. ఫలితం చదివి కిందికి దిగుతుంటే టీచరు గారు ఎదురొచ్చి, "ఈ ముప్ఫయ్యేడులో మీదొకటి ఉంటుందని నాకు తెలుసు బాబూ" అన్నారు.

నేను తల ఊపాను.

హాలు లీజుకి పోలేదు. ఆ మాట కొత్త కమిటీ నిలబెట్టుకుంది, కాదనను. కాని మొదటి సమావేశంలోనే తెలుగు తరగతి ప్రస్తావన వస్తే మినిట్స్‌లో ఏమని రాశారో చూడండి: పోలైన 212 ఓట్లలో ఆ అభ్యర్థికి వచ్చినవి 37 మాత్రమే కనుక సభ్యులలో అధిక సంఖ్యాకులకు తరగతి మీద ఆసక్తి లేదని తేలినది. గదిలో ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు, షామియానా గుంజలు పెట్టారు. పుస్తకాల బీరువా తలుపు తీయాలంటే ముందు కుర్చీలు జరపాలి.

లీజు ఆపడానికి వేసిన నా ఓటు మురిగిపోలేదు గాని, అది నేను చెప్పని మాట చెప్పింది. 'తరగతి అక్కర్లేదు' అని నా చేత సాక్ష్యం పలికించింది. నష్టం అక్కడ జరిగింది.

ఇది మా ఊరి గొడవే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. ఎవరికి ఎక్కువ వస్తే వారే నెగ్గే పద్ధతి ఉన్నచోటల్లా ఉన్న జబ్బే ఇది. ఫ్రాన్సు దేశపు పండితుడు మారిస్ డువర్జే 1951లో అచ్చయిన తన పుస్తకంలో దీన్ని వివరించాడు. ఇలాంటి పద్ధతిలో మూడో పక్షానికి సీట్లు రావు, అది ఒక దెబ్బ. రావని తెలిసి జనం దానికి ఓట్లు వెయ్యడం మానేస్తారు, అది రెండో దెబ్బ. చివరికి రెండే పక్షాలు మిగులుతాయి. మన దేశంలో రాష్ట్రాల వారీగా బలమైన పార్టీలు ఉండటం వల్ల ఈ సూత్రం ఢిల్లీలో అంతగా కనబడదు గాని, ఒక్కో రాష్ట్రం విడిగా చూస్తే చాలాచోట్ల కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఉమ్మడిగా ఉన్న రోజుల్లో, 2009లో కొత్తగా వచ్చిన ప్రజారాజ్యం పార్టీకి నూటికి పదహారు ఓట్లు వచ్చాయి. సీట్లు 294లో 18. ఆ ఎన్నికల్లోనే కూకట్‌పల్లిలో గెలిచిన లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ్ గారు ఓట్ల దామాషాలో సీట్లు ఉండాలని ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. విన్నవాళ్ళు మెచ్చుకున్నారు, అంతకుమించి ఏమీ జరగలేదు.

ఈ జబ్బు ముదిరితే ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికా వెళ్ళాలి. మీలో చాలామంది పిల్లలు అక్కడే ఉన్నారు, వాళ్ళనడిగినా చెబుతారు. 2000వ సంవత్సరం అధ్యక్ష ఎన్నిక ఫ్లారిడా రాష్ట్రం దగ్గర ఆగిపోయింది. బుష్‌కు 29,12,790 ఓట్లు, గోర్‌కు 29,12,253. తేడా 537. మూడో మనిషి రాల్ఫ్ నేడర్‌కు అదే రాష్ట్రంలో 97,488 ఓట్లు వచ్చాయి. వినియోగదారుల హక్కుల కోసం జీవితమంతా పోరాడిన మనిషి ఆయన. ఆయనకు వేసినవాళ్ళలో కొద్దిమంది మనసు మార్చుకున్నా అమెరికా చరిత్ర ఇంకోలా ఉండేది. ఆ తరవాత ఆ మనిషిని ఎన్ని మాటలన్నారు! నిలబడటమే నేరమైపోయింది. నాకైతే నేరం ఆయనదనిపించదు. 'నాకు మొదట నేడర్ కావాలి, ఆయన కాకపోతే గోర్ కావాలి' అనుకున్న ఓటరుకు ఆ రెండో ముక్క రాసుకునేందుకు బ్యాలెట్ మీద చోటు లేకపోవడం నేరం.

ఆ ఎన్నికకు ముందు కొందరు తెలివైనవాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. గోర్ ఎలాగూ గెలిచే రాష్ట్రంలోనో, ఎలాగూ ఓడే రాష్ట్రంలోనో ఉన్న గోర్ అభిమాని నేడర్‌కు వేస్తాడు. దానికి బదులుగా గట్టి పోటీ ఉన్న రాష్ట్రంలోని నేడర్ అభిమాని గోర్‌కు వేస్తాడు. ఇంటర్నెట్‌లో ఇద్దర్నీ కలిపేవారు. ఓట్ల వస్తుమార్పిడి అన్నమాట. కాలిఫోర్నియా అధికారులు కేసులు పెడతామని బెదిరించారు. డబ్బు చేతులు మారలేదు కనుక ఇది భావ ప్రకటనేనని 2007లో అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది. న్యాయం సంగతి అలా ఉంచితే, బ్యాంకువాడిగా నాకు అనిపించేది వేరు. అవతలివాడు నిజంగా వేశాడో లేదో చూసే దారి లేదు. సంతకం లేని హుండీ లాంటిది. రహస్య ఓటు ఉన్నన్నాళ్ళూ ఇది ఒకరినొకరు నమ్ముకునే బేరమే. తన ఓటు తాను నిజాయితీగా వేసుకోవడానికి, ముక్కూ మొహం తెలియనివాడి నిజాయితీ మీద ఆధారపడాలి!

దీనికి మందు లేదా అంటే ఉంది. అది విదేశీ సరుకూ కాదు. మన రాష్ట్రపతి ఎన్నిక జరిగేది దానితోనే. మన ఇంటి కథ కూడాను, కాస్త వివరంగా చెప్పనివ్వండి.

1969లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు పదవిలో ఉండగానే పోయారు. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. ఆయన పుట్టింది బరంపురంలో. నేనూ ఆ ఊరివాణ్ణే కనుక ఈ మాట చెప్పేటప్పుడు గొంతు కాస్త పెద్దదవుతుంది. జూలై 19న 14 బ్యాంకులను జాతీయం చేస్తూ వచ్చిన ఆర్డినెన్సు మీద సంతకం ఆయనదే. మా నాన్నగారు ఆ పద్నాలుగింటిలో ఒకదానిలో గుమాస్తా. ఆ సంతకం వల్లే మా ఇంట్లో అన్నం కాస్త నిబ్బరంగా తిన్నామని చివరిదాకా అనేవారు. మర్నాడే గిరి గారు పదవి వదిలేసి స్వతంత్రుడిగా రాష్ట్రపతి ఎన్నిక బరిలోకి దిగారు.

కాంగ్రెసు అధికార అభ్యర్థి మన నీలం సంజీవరెడ్డి గారు. ప్రధాని ఇందిరాగాంధీ 'అంతరాత్మ ప్రబోధం' ప్రకారం ఓటు వెయ్యమన్నారు. ఆ మాట అప్పట్లో తెలుగు పత్రికల్లో మారుమోగిపోయిందని నాన్నగారు చెప్పేవారు. మూడో అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్ గారు, రిజర్వు బ్యాంకు మొదటి భారతీయ గవర్నరు, తరవాత ఆర్థికమంత్రి. ఈయనకు స్వతంత్ర పార్టీ, జనసంఘం మద్దతు. ఈయన మహారాష్ట్రులు గాని, అర్ధాంగి మన దుర్గాబాయి గారు, ఆంధ్ర మహిళా సభ స్థాపించిన మనిషి. అంటే ఇద్దరు తెలుగువాళ్ళు, ఒక తెలుగింటి అల్లుడు. ఇక ఎవరు గెలిచినా మనకి పండగే.

రాష్ట్రపతి ఎన్నికలో శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు ముద్ర వెయ్యరు. పేర్లకు ఎదురుగా 1, 2, 3 అంకెలు వేస్తారు. సగానికి పైన వచ్చినవారు గెలుస్తారు. ఎవరికీ సగం రాకపోతే అందరికంటె కింద ఉన్నవారిని తీసేసి, వారి కాగితాల మీద 2 అంకె ఎవరికి ఉందో చూసి వారి ఖాతాకు బదిలీ చేస్తారు. లాకరుకు వరసగా నామినీలను పెట్టుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. మొదటివారు లేకపోతే రెండోవారికి. సొమ్ము మాత్రం ఎక్కడికీ పోదు.

ఆగస్టు 20న లెక్క పెట్టారు. చెల్లిన ఓట్ల విలువ మొత్తం 8,36,337. గెలవాలంటే 4,18,169 కావాలి. మొదటి లెక్కలో గిరి గారికి 4,01,515, సంజీవరెడ్డి గారికి 3,13,548, దేశ్‌ముఖ్ గారికి 1,12,769. మిగిలిన కొద్దీ చిల్లర అభ్యర్థులవి. గిరి గారికి 16,654 తక్కువైంది. ఇక కింద నుంచి ఒక్కొక్కరినీ తీసేస్తూ, చివరికి దేశ్‌ముఖ్ గారినీ తీసేసి, వారి కాగితాలు పంచారు. అందులో సంజీవరెడ్డి గారికి 91,879 వెళ్ళాయి. గిరి గారికి వచ్చినవి 18,562 మాత్రమే. అయినా ఆయనకి కావలసింది అంతకంటె తక్కువే కదా! 4,20,077తో గెలిచారు. సంజీవరెడ్డి గారు 4,05,427 దగ్గర ఆగిపోయారు. (ఆయన 1977లో ఏకగ్రీవంగా అదే పదవికి వచ్చారు. అది వేరే కథ.)

ఎలాగూ మొదట్లో ముందున్న గిరి గారే గెలిచారు కదా, ఇంత తతంగం ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. కాగితం మీద కూడిక వేస్తే గాని విషయం బోధపడలేదు. సంజీవరెడ్డి, దేశ్‌ముఖ్ గార్ల మొదటి ఓట్లు కలిపితే 4,26,317. గిరి గారి కంటె ఎక్కువ. మామూలు పద్ధతే ఉంటే దేశ్‌ముఖ్ గారి మనుషుల చెవిలో ఎవరో ఒకరు తప్పకుండా ఊదేవారు: "ఆయనకి వేస్తే మురిగిపోతుంది, రెడ్డి గారికి వెయ్యండి." సగం మంది అలాగే చేసేవారు. అప్పుడు రిజర్వు బ్యాంకు గవర్నరుగా చేసిన అంతటి మనిషికి ఏ 40, 50 వేలో మిగిలి, ఆయన్ని ఎవరూ కోరుకోలేదని మినిట్స్‌లో రాసేవారు. అలా జరగలేదు. ఆయన్ని కోరుకున్నవాళ్ళు కోరుకున్నామనే రాశారు, రెండో మాటా రాశారు. రెండు మాటలూ లెక్కలోకి వచ్చాయి.

ఈ పద్ధతి మన పాఠకుల్లో కొందరికి స్వయంగా తెలిసే ఉంటుంది. కర్ణాటకలోనూ మహారాష్ట్రలోనూ శాసన మండలి పట్టభద్రుల నియోజకవర్గాల్లో పేరు నమోదు చేసుకున్నవారు వంగపండు రంగు స్కెచ్ పెన్నుతో అంకెలు వేసే ఉంటారు. నా బీకాం డిగ్రీ పుణ్యమా అని నేనూ వేశాను. ఏమంత కష్టం కాదు. అంకెలు వచ్చినవాళ్ళెవరైనా వెయ్యగలరు.

మందు తెలిసినా అది గొంతులో పడటం కష్టం. ఏ పద్ధతిలో గెలిచి కుర్చీ ఎక్కారో ఆ పద్ధతిని మార్చాలని కుర్చీలో ఉన్నవాళ్ళకు ఎందుకుంటుంది? ఇక్కడే న్యూజిలాండ్ కథ చదివితే నాకు ధైర్యం వస్తుంది. అక్కడ నేషనల్, లేబర్ అని రెండు పార్టీలు. 1978లోనూ 1981లోనూ ఓట్లు లేబర్‌కు ఎక్కువ వచ్చాయి, సీట్లు నేషనల్‌కు ఎక్కువ వచ్చాయి. 1981లో సోషల్ క్రెడిట్ అనే మూడో పార్టీకి అయిదో వంతు ఓట్లు వచ్చాయి. అంటే ప్రతి అయిదుగురిలో ఒకరు. సీట్లు? 92లో రెండు! ఇలా రెండు సార్లు దెబ్బ తిన్న లేబర్ పార్టీ అధికారంలోకి వచ్చాక 1985లో ఒక రాయల్ కమిషన్ వేసింది. సీట్లు ఓట్ల దామాషాకు దగ్గరగా ఉండేలా మిశ్రమ పద్ధతి పెట్టమని ఆ కమిషన్ 1986లో చెప్పింది. నివేదిక బీరువాలోకి వెళ్ళింది. మన కమిటీలకీ వాటికీ ఆ విషయంలో తేడా లేదు.

అప్పుడొక చిత్రం జరిగింది. 1987 ఎన్నికల టీవీ చర్చలో ప్రధాని డేవిడ్ లాంగె ఈ విషయం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతామని మాట ఇచ్చేశారు. చేతిలో ఉన్న కాగితాన్ని తప్పుగా చదివారని చెబుతారు. ఆయన గెలిచారు, సేకరణ మాత్రం జరపలేదు. ప్రతిపక్షమైన నేషనల్ పార్టీ 'వాళ్ళు మాట తప్పారు, మేం జరుపుతాం' అని 1990లో గెలిచింది. గెలిచాక వాళ్ళకూ ఇష్టం లేదు. కాని ఈలోగా సామాన్యులు కూడి పెట్టుకున్న ఎన్నికల సంస్కరణ సంఘం ఊరూరా తిరిగి ఆ మాటను చల్లారనివ్వలేదు. 1992లో మొదటి సేకరణ జరిగితే నూటికి 84 మందికి పైగా మార్పు కావాలన్నారు. 1993లో అసలు సేకరణ. పెద్ద పెద్ద వ్యాపారస్థులు డబ్బు పోసి వద్దని ప్రచారం చేశారు. అయినా 53.9 శాతంతో కొత్త పద్ధతి నెగ్గింది, 1996 నుంచి అమలైంది. మళ్ళీ 2011లో 'ఉంచాలా, తీసెయ్యాలా' అని అడిగితే ఉంచమన్నారు. మొత్తానికి కమిషన్ నుంచి అమలు దాకా పదేళ్ళు పైన పట్టింది. పదేళ్ళూ కొందరు మనుషులు విసుగు లేకుండా తిరిగారు.

అన్నిచోట్లా ఇలా జరగదు. బ్రిటన్‌లో 2011లో అంకెల పద్ధతి కావాలా అని అడిగితే నూటికి 68 మంది వద్దన్నారు. అది సంకీర్ణ ప్రభుత్వంలో రెండు పార్టీల మధ్య బేరంలో పుట్టింది. జనం అడిగి తెచ్చుకున్నది కాదు, ఆ తేడా కనబడింది. అమెరికాలో మెయిన్ అనే చిన్న రాష్ట్రంలో మాత్రం జనమే సంతకాలు సేకరించి 2016లో ఈ పద్ధతిని నెగ్గించుకున్నారు. శాసనసభ వాయిదా వేస్తే, చలికాలంలో మళ్ళీ సంతకాలు సేకరించి 2018లో రెండోసారి నెగ్గించుకున్నారు. ఆ ఏడాది నవంబరులో అక్కడి ఒక కాంగ్రెస్ నియోజకవర్గంలో మొదటి లెక్కలో రెండు వేల పైచిలుకు వెనకబడిన జారెడ్ గోల్డెన్, మూడో, నాలుగో అభ్యర్థుల ఓట్లు బదిలీ అయ్యాక గెలిచాడు. ఓడినాయన కోర్టుకు వెళ్ళాడు, కొట్టేశారు. 2024లో కొలరాడో, ఐడహో, నెవాడా, ఒరెగాన్ రాష్ట్రాల ఓటర్లు మాత్రం మాకిది వద్దన్నారు. అలాస్కాలో కొద్ది వందల ఓట్లతో బతికింది.

ఇందులో లోపాలూ ఉన్నాయి. 2022 ఆగస్టులో అలాస్కాలో జరిగిన ఉపఎన్నికలో ముఖ్యంగా ముగ్గురు ఉన్నారు. మూడో స్థానంలో ఉన్న బెగిచ్‌ను తీసేసి లెక్క వేస్తే పెల్టోలా అనే ఆవిడ గెలిచారు. తరవాత కాగితాలన్నీ పరిశీలిస్తే, బెగిచ్ మిగతా ఇద్దరిలో ఎవరితో విడిగా తలపడినా గెలిచేవాడని తేలింది. అందరికీ రెండో ఇష్టమైనవాడు మొదటే బయటికి పోయాడు. ఏ లెడ్జరూ తప్పు లేకుండా ఉండదు. తక్కువ తప్పులున్న లెడ్జరు ఏదని చూసుకోవాలి, అంతే.

ఇక మా సంఘం సంగతి. నిబంధనలు సవరించాలంటే సభ్యులు సంతకాలతో నోటీసు ఇవ్వాలి, సర్వసభ్య సమావేశంలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. నోటీసు నేనే రాశాను. 'అధ్యక్ష పదవికి ఇద్దరికంటె ఎక్కువమంది పోటీ చేసినపుడు ఓటరు తన ఇష్టప్రకారం 1, 2, 3 అంకెలు వేయవలెను' అన్నది సారాంశం. కొత్త కమిటీలో ఒక పెద్దమనిషి దగ్గరకు వెళ్తే, "మీ ఓటుతో మేం గెలిచాం, ఇప్పుడు మా కిందకే నీళ్ళు తెస్తారా?" అన్నారు. నా ఓటు సంగతి ఆయనకి తెలుసు. టీచరు గారికే తెలియదు. పాత కమిటీవాళ్ళు నవ్వి, "ఇదంతా మీ బ్యాంకు లెక్కలండీ, మావాళ్ళకు అర్థం కావు" అన్నారు. వాళ్ళలో ఇద్దరు మాత్రం సంతకం పెట్టారు. ఓడినవాళ్ళకు సంస్కరణ తొందరగా బోధపడుతుంది.

అందరి దగ్గరకూ వెళ్ళి, చిట్టచివర టీచరు గారింటికి వెళ్ళాను. చివరకే ఎందుకు వెళ్ళానో మీకు తెలుసు.

ఆవిడ వరండాలో చాప వేసి పదకొండు మంది పిల్లలకు గుణింతాలు చెబుతున్నారు. గది ఇవ్వకపోతే వరండా ఉందిగా అని ఆవిడే మొదలుపెట్టేశారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళజోడు పెట్టుకుని నోటీసు మొత్తం చదివారు. ఎర్ర పెన్ను తీసి 'ప్రాధాన్యత' అని నేను రాసినచోట చివర 'త' కొట్టేసి 'ప్రాధాన్యం' చేశారు. తరవాత అడిగారు.

"ఈ పద్ధతి అప్పుడే ఉంటే మీరు ఒకటి ఎవరికి వేసేవారు బాబూ?"

"మీకేనండి. రెండు కొత్త కమిటీకి."

"ఒకటి నాకు వేసేవారు" అని మెల్లిగా అని, పెన్ను మూత పెట్టారు. "అయితే ఆ ముప్ఫయ్యేడులో మీది లేదన్నమాట."

లేదండీ అన్నాను. ఇంకేదో చెప్పబోయాను, లీజు గురించి, హాలు గురించి. ఆవిడ వినలేదు. ఒక పిల్లవాడు 'ఖ' తలకిందులుగా రాస్తుంటే వాడి చెయ్యి పట్టుకుని దిద్దించారు. తరవాత వచ్చి నోటీసు మీద సంతకం పెట్టారు. అది 58వ సంతకం.

"మీ చిన్నవాణ్ణి ఆదివారం పంపించండి. తొమ్మిదింటికి" అన్నారు.

సర్వసభ్య సమావేశం వచ్చే నెల మూడో ఆదివారం సాయంత్రం నాలుగింటికి. వాడు రెండు వారాలుగా వెళ్తున్నాడు. ఒత్తులు ఇంకా రాలేదు.